వారానికి నాలుగు రోజులు ఆడుతున్నాను, రోజూ పొగ తాగుతున్నాను: ఆట ఆ నష్టాన్ని పూడుస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీరు విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరం విద్యార్థి. వారానికి నాలుగు సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడతారు. రోజుకు ఏడెనిమిది సిగరెట్లు తాగుతారు, మొదటిది నిద్ర లేచిన ఇరవై నిమిషాల్లోపే. అన్నిటికంటే ఆ ఉదయపు సిగరెట్‌ను వదులుకోవడమే కష్టమని, లైబ్రరీలో గంట కూర్చుంటే మనసు బయటికి లాగుతోందని రాశారు. రెండుసార్లు మానేసి, రెండుసార్లూ నాలుగో రోజున మళ్లీ మొదలుపెట్టారు. ఆ రోజుల్లో చిరాకు పట్టలేక ఆటకు కూడా వెళ్లలేదు. ఇంత ఆడుతున్నాను కాబట్టి సిగరెట్ల నష్టం సరిపోతుందా, ఎనిమిదికే నన్ను బానిస అనవచ్చా, మందులేమీ లేకుండా వ్యాయామంతోనే మానగలనా, మూడు వారాల్లో టోర్నమెంట్ ఉంది కనుక అది అయ్యాక మానడం మంచిదా అన్నవి మీ నాలుగు ప్రశ్నలు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. ఆట సిగరెట్ నష్టాన్ని పూడ్చదు. మీరు నికోటిన్ మీద ఆధారపడే దశకు చేరుకున్నారు. వ్యాయామం మీకు బాగా పనికొస్తుంది, కానీ దాని ఒక్కదాని మీదే భారం వేయకండి. టోర్నమెంట్ అయ్యేదాకా ఆగవద్దు. ఈ వారంలోనే మానేయండి.

పద్దెనిమిదేళ్లుగా ఒక విద్యార్థి ఆరోగ్య కేంద్రంలో వైద్యుడిగా పనిచేస్తున్నాను. వారానికి రెండు మధ్యాహ్నాలు పొగ మానాలనుకునేవారి కోసమే కేటాయిస్తాను. అలా వచ్చేవారిలో మీలాగా ఆడుతూ తాగేవారు తక్కువేమీ కాదు. వారిలో చాలామంది రెండు మాటలతో మొదలుపెడతారు: "నేను తాగేది తక్కువే", "నేను ఫిట్‌గానే ఉన్నాను". ఆ రెండూ అబద్ధాలు కావు. అయితే రెండూ అసలు విషయాన్ని తాకకుండా పక్కనుంచి వెళ్లిపోతాయి. మీ మిగిలిన మూడు ప్రశ్నలకూ జవాబు నికోటిన్ మీద ఆధారపడటం అనేదాని చుట్టూనే ఉంది కనుక ముందు దాన్నే తీసుకుంటాను.

పొగ లోపలికి పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడును చేరుతుంది. అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అందుకోవడానికి మెదడు కణాల మీద ఉన్న గ్రాహకాలకు అతుక్కుంటుంది. దాని ఫలితంగా డోపమైన్ విడుదలై, ఆ కాసేపు హాయిగా అనిపిస్తుంది. రోజూ నికోటిన్ అందుతూ ఉంటే ఆ గ్రాహకాల సంఖ్య పెరుగుతుంది. రక్తంలో చేరిన నికోటిన్ సుమారు 2 గంటలకు సగానికి తగ్గుతుంది కాబట్టి, రాత్రి నిద్రలో అది చాలా మటుకు ఖాళీ అయిపోయి, తెల్లవారేసరికి ఆ పెరిగిన గ్రాహకాలన్నీ దాని కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. మీరు కళ్లు తెరిచిన ఇరవై నిమిషాల్లో సిగరెట్ వెలిగించడం ఆ ఎదురుచూపుకు లొంగడమే. రోజుకు ఎన్ని అనేదానికంటే, లేచాక ఎంతసేపటికి అనేదే ఆధారపడటాన్ని బాగా చూపిస్తుంది. కొత్తగా వచ్చిన ఏ విద్యార్థినైనా నేను మొదట అడిగేది అదే.

దీన్ని కొలవడానికి ఎక్కువగా వాడేది 1991లో ప్రచురితమైన ఫాగర్‌స్ట్రామ్ పరీక్ష. అందులో ఆరు ప్రశ్నలుంటాయి. మార్కులు 0 నుంచి 10 దాకా. మీరు రాసిన వివరాలతో లెక్క వేసి చూశాను. ఇరవై నిమిషాల్లో మొదటి సిగరెట్ కాబట్టి 2, ఉదయపుదే వదులుకోలేనిది కాబట్టి 1, తాగకూడని చోట ఆగడం కష్టంగా ఉంది కాబట్టి 1. రోజుకు పదిలోపు కాబట్టి సంఖ్యకు 0. మొత్తం 4 వచ్చింది. ఆ పట్టిక ప్రకారం 3, 4 మార్కులు "తక్కువ ఆధారపడటం" కిందికి వస్తాయి. ఇది చూసి చాలామంది విద్యార్థులు ఊపిరి పీల్చుకుంటారు, కానీ అక్కడే పొరపాటు జరుగుతుంది. ఆ పరీక్షలో సంఖ్యకు మూడు మార్కులు దక్కాలంటే రోజుకు 31 లేదా అంతకంటే ఎక్కువ తాగాలి. ఏళ్ల తరబడి పెట్టెలకు పెట్టెలు తాగిన నడివయస్కులను ఒకరితో ఒకరిని పోల్చడానికి అది బాగా పనికొస్తుంది. పరీక్షలప్పుడు పన్నెండు, సెలవుల్లో ఇంటి దగ్గర రెండు, స్నేహితులు కలిస్తే పది, ఇలా వారం వారం మారిపోయే విద్యార్థి అలవాటు ఆ కొలతకు సరిగా చిక్కదు.

అందుకే నేను దానితో పాటు 2002లో వచ్చిన మరో ప్రశ్నావళిని కూడా వాడతాను. అందులో పది ప్రశ్నలకు అవును, కాదు అని చెబితే చాలు. మానాలని ప్రయత్నించి మానలేకపోయారా, తాగకుండా ఉన్నప్పుడు ఏకాగ్రత కుదరలేదా, చిరాకు పెరిగిందా, తీవ్రంగా తాగాలనిపించిన సందర్భాలున్నాయా, ఇలాంటివి. ఒక్కదానికి "అవును" అన్నా, తాగాలా వద్దా అనే నిర్ణయం పూర్తిగా మీ చేతిలో లేదని అర్థం. మీ ఉత్తరంలోనే నాకు నాలుగు "అవును"లు కనిపించాయి. బానిస అనే మాట నేను వాడను; ఆ మాట మనిషిని కుంగదీస్తుందే తప్ప ఏం చేయాలో చెప్పదు. కానీ విషయం మాత్రం అదే.

ఒక విద్యార్థిని గురించి చెబుతాను. పది కిలోమీటర్ల పరుగులో పాల్గొనే అమ్మాయి. రోజుకు మూడు సిగరెట్లు, అదీ చీకటి పడ్డాకే. ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలో 0 వచ్చింది. రెండో ప్రశ్నావళిలో ఐదింటికి "అవును" అంది. మాట్లాడుతూ ఉండగా ఆమే ఒక సంగతి గమనించి చెప్పింది: ఏడాదిగా తాను ఎటు పరుగెత్తినా, పరుగు ఆగే చోటు మాత్రం ఎప్పుడూ సిగరెట్ దొరికే చోటేనట. దారిని తానే ఎంచుకుంటున్నానని అనుకుంటూ వచ్చింది. ఆ మాట చెప్పాక చాలాసేపు మౌనంగా కూర్చుంది. సంఖ్యలో ఏముంది, ఏం లేదు అని ఎవరైనా అడిగితే నాకు ఆమే గుర్తొస్తుంది.

ఇక ఆట సంగతి. క్లినిక్‌లో నా బల్ల మీద అరచేతిలో పట్టే ఒక మీటర్ ఉంటుంది. ఊపిరిలోని కార్బన్ మోనాక్సైడ్‌ను కొలుస్తుంది. నిండా గాలి పీల్చి, పదిహేను సెకన్లు బిగబట్టి, గొట్టంలోకి మెల్లగా చివరిదాకా వదలాలి. మీలాంటి ఒక హాకీ ఆటగాడు నవ్వుతూ ఊదాడు. అంకె ఎక్కుతూ పోయి 19 దగ్గర నిలిచింది. పొగ తాగనివారికి అది సాధారణంగా ఐదారు దాటదు. అతను మీటర్ తిప్పి చూశాడు, పాడైందేమో అని మళ్లీ ఊదాడు, 18 వచ్చింది. ఆ రోజు సాయంత్రం అతనికి ప్రాక్టీస్ ఉంది. మూడు రోజులు పొగ ముట్టకుండా తిరిగి వచ్చి ఊదినప్పుడు 2 చూపించింది. మందుల గురించి నేను చెప్పిన పాఠాలన్నిటికంటే ఆ అంకె ఎక్కువ పని చేసింది.

ఆ వాయువు ఏం చేస్తుందంటే, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్‌కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. క్రమం తప్పకుండా తాగేవారిలో నూటికి ఐదు వంతుల హిమోగ్లోబిన్ ఇలా చిక్కుకుపోవడం మామూలే. అంటే ఇరవై మంది మోసేవారిలో ఒకరు బరువు ఎత్తుకోకుండానే మైదానంలోకి దిగినట్లు. మిగిలిన హిమోగ్లోబిన్ కూడా ఆక్సిజన్‌ను కండరానికి వదలడంలో బిగువు చూపిస్తుంది. నికోటిన్ గుండె వేగాన్ని పెంచుతుంది కాబట్టి అదే పరుగుకు మీ గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. పొగ పీల్చిన కొద్ది నిమిషాల్లోనే శ్వాసనాళాలు కాస్త బిగుసుకుంటాయి. నిశ్చలంగా కూర్చున్నప్పుడు అది తెలియదు, పరుగు మధ్యలో తెలుస్తుంది. మీరు ఫిట్‌గానే ఉన్నారు, కాదనను. అయితే మీరు చేసిన సాధనకు దక్కాల్సిన ఫిట్‌నెస్ మొత్తం మీకు దక్కడం లేదు. ఇరవై ఏళ్ల వయసులో ఊపిరితిత్తుల సామర్థ్యం ఇంకా తన గరిష్ఠ స్థాయికి చేరుకుంటూ ఉంటుంది. ఈ వయసులో పొగ తాగేవారిలో ఆ ఎదుగుదల కుంటుపడుతుంది, తరుగుదల ముందే మొదలవుతుంది.

దూరకాలపు నష్టం విషయంలో కూడా ఆట బీమా కాదు. వ్యాయామం రక్తపోటుకు, చక్కెరకు, మనసుకు మేలు చేస్తుంది, అది నిజమైన మేలే. కానీ పొగలోని క్యాన్సర్ కారకాలను అది కడిగివేయదు. "ఎనిమిదే కదా" అనేవారికి ఒక ఫలితం చెప్పాలి: 2018లో వెలువడిన ఒక పెద్ద విశ్లేషణ ప్రకారం, రోజుకు ఒకే ఒక్క సిగరెట్ తాగేవారికి కూడా, ఇరవై తాగేవారికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం పెరుగుతుంది. గుండె, రక్తనాళాల విషయంలో కొద్దిపాటి పొగకు కొద్దిపాటి నష్టమే అనుకోవడానికి లేదు. దీనికి మరో వైపు మీకు ఆశ కలిగించే సంగతి ఉంది. 1951లో మొదలై యాభై ఏళ్లపాటు బ్రిటిష్ వైద్యులను గమనించిన అధ్యయనంలో, జీవితాంతం పొగ తాగినవారు సగటున సుమారు పదేళ్లు ముందుగా చనిపోయారు. ముప్పై ఏళ్ల ప్రాంతంలో మానేసినవారు ఆ పదేళ్లనూ దాదాపుగా తిరిగి పొందారు. మీకు ఇంకా ముప్పై రాలేదు. అలాగని అప్పటిదాకా గడువు ఉందని అనుకోకండి. ఏటా ఆధారపడటం ముదురుతుంది, మానడం కష్టమవుతుంది.

విద్యార్థుల్లో పొగకూ శారీరక శ్రమకూ ఉన్న సంబంధం గురించి ఒక మాట చెప్పాలి. పొగ తాగే విద్యార్థులు తక్కువ కదులుతారని చాలా సర్వేలు చూపిస్తాయి, కానీ అన్నీ కాదు. కొన్నిచోట్ల జట్టు ఆటలు ఆడేవారిలో తాగేవారు తక్కువేమీ ఉండరు. అదే రోజున రెండు ప్రశ్నలూ అడిగి రాసుకున్న సర్వేలో ఏది ముందు, ఏది వెనక అనేది తేలదు. పొగ వల్ల ఆయాసం వచ్చి ఆట మానేశారా, ఆట లేక ఖాళీ సాయంత్రాల్లో పొగ చేరిందా, రెంటికీ వెనక నిద్రలేమి, ఒత్తిడి ఉన్నాయా అన్నది మనిషిని బట్టి మారుతుంది. నా అనుభవంలో అసలు తేడా తాగేవారికీ తాగనివారికీ మధ్య కంటే, అప్పుడప్పుడూ తాగేవారికీ ఉదయం లేవగానే తాగేవారికీ మధ్య ఎక్కువగా కనిపించింది. ఆధారపడటం ముదిరినవారు ముందుగా వదులుకునేది ఆటనే. మొదట శనివారం ప్రాక్టీస్ పోతుంది, తర్వాత "ఈ సెమిస్టర్ వరకే" అంటూ జట్టు నుంచి తప్పుకుంటారు. మీరు ఇంకా నాలుగు సాయంత్రాలూ ఆడుతున్నారంటే, చేతిలో మంచి ఆయుధం ఉండగానే వచ్చారన్నమాట.

ఆ ఆయుధం ఏం చేయగలదో, ఏం చేయలేదో ఇక్కడ విడమరిచి చెబుతాను. రాత్రంతా పొగ తాగనివారిని పది పదిహేను నిమిషాలు చురుగ్గా నడిపించి చూసిన ప్రయోగాలు ఎన్నో జరిగాయి. నడుస్తున్నంతసేపూ, ఆగాక మరికొంతసేపూ సిగరెట్ మీది తపన తగ్గుతుందని, తర్వాతి సిగరెట్ ఆలస్యమవుతుందని అవి నిలకడగా చూపించాయి. ఐదు నిమిషాల నడక కూడా కొంత పని చేస్తుంది. తపన సాధారణంగా కెరటంలా లేచి కొద్ది నిమిషాల్లో విరిగిపోతుంది. నడక మిమ్మల్ని ఆ కెరటం దాటిస్తుంది. కానీ వ్యాయామ కార్యక్రమంలో చేరినవారు ఆరు నెలల తర్వాత ఎక్కువమంది పొగ మానినవారిగా మిగిలారా అని చూసిన అధ్యయనాలను కలిపి పరిశీలిస్తే, స్పష్టమైన లాభం తేలలేదు. వారానికి మూడుసార్లు కఠినంగా వ్యాయామం చేసిన మహిళల్లో మంచి ఫలితం చూపిన 1999 నాటి అధ్యయనం ఒకటి ఉంది. అన్నీ అలా రాలేదు. నాకు ఈ రెండు ఫలితాలూ ఒకదానికొకటి విరుద్ధంగా తోచవు. నడక ఈ పది నిమిషాలకు మందు, ఆధారపడటానికి మందు కాదు. రోజుకు ఇరవైసార్లు తపన వస్తే ఇరవైసార్లూ బూట్లు వేసుకుని బయటికి వెళ్లడం ఎవరికి సాధ్యం? కెరటాల సంఖ్యను మందులు తగ్గించాలి, మిగిలినవాటిని కదలికతో దాటాలి.

మీ రెండు ప్రయత్నాలూ నాలుగో రోజునే ఎందుకు విఫలమయ్యాయో ఇప్పుడు మీకే అర్థమవుతుంది. మానేసిన కొద్ది గంటల్లో మొదలయ్యే ఇబ్బందులు, అంటే చిరాకు, అసహనం, నిద్ర చెడటం, ఆకలి పెరగడం, పుస్తకం మీద మనసు నిలవకపోవడం, రెండు మూడు రోజులకు పతాక స్థాయికి చేరతాయి. ఆ తర్వాత రెండు నుంచి నాలుగు వారాల్లో సద్దుమణుగుతాయి. మీరు పతాక స్థాయిని ఏ మందూ లేకుండా, పైగా ఆట కూడా మానేసి ఎదుర్కొన్నారు. కష్టమైన భాగం అప్పటికే చాలావరకు గడిచిపోయిన నాలుగో రోజున తిరిగి వెలిగించారు. మీకు పట్టుదల తక్కువ కాదు. సాయంగా నిలిచేవాటిని దూరం పెట్టి పోరాడారు, అంతే.

రోజుకొకటి తగ్గించుకుంటూ వెళ్లాలా, ఒక్కసారే ఆపేయాలా అని మీరు అడగలేదు కానీ, తర్వాతి ప్రశ్న అదే అవుతుంది. తేదీ పెట్టుకుని ఒక్కసారే ఆపడం మేలు. ఈ రెండు పద్ధతులనూ పోల్చిన 2016 నాటి అధ్యయనంలో నాలుగు వారాల తర్వాత పొగకు దూరంగా ఉన్నవారు ఒక్కసారే ఆపినవారిలో 49 శాతం, క్రమంగా తగ్గించినవారిలో 39 శాతం. తగ్గించే పద్ధతిలో విద్యార్థులకు మరో చిక్కు ఉంది: ఎనిమిది మూడైనప్పుడు, ఆ మూడింటిని ఇంకా లోతుగా, ఇంకా చివరిదాకా పీలుస్తారు, నికోటిన్ పెద్దగా తగ్గదు, ఆ మూడూ మరింత ప్రియమైపోతాయి.

మందుల విషయం కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి. నికోటిన్ ప్యాచ్ నెమ్మదిగా, సమంగా నికోటిన్ ఇస్తుంది. గమ్ తపన వచ్చినప్పుడు త్వరగా ఇస్తుంది. రెండూ కలిపి వాడితే ఏదో ఒకటి వాడినప్పటికంటే ఎక్కువమంది మానగలుగుతారు. రోజుకు పదికి మించి తాగేవారికి సాధారణంగా 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌తో, పదిలోపు తాగేవారికి 14తో మొదలుపెడతారు. గమ్ 2, 4 మిల్లీగ్రాముల్లో వస్తుంది. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ తాగేవారికి 4 సూచిస్తారు. మీ విశ్వవిద్యాలయ వైద్యుడితోనో ఫార్మసిస్ట్‌తోనో మాట్లాడి మోతాదు ఖరారు చేసుకోండి. నికోటినే ఇస్తున్నాం కదా, ఇంకేం మానినట్లు అని అడుగుతారు. నికోటిన్ మిమ్మల్ని కట్టిపడేస్తుంది. ఊపిరితిత్తులనూ గుండెనూ ఎక్కువగా పాడుచేసేది పొగ. పైగా ప్యాచ్ నుంచి వచ్చేది ఇరవై సెకన్లలో మెదడును తాకే దెబ్బ కాదు కాబట్టి దాని మీద మళ్లీ ఆధారపడేవారు చాలా అరుదు.

"గమ్ పనిచేయలేదు" అని వచ్చే విద్యార్థులకు నేను నా ముందే ఒకటి నమలమని చెబుతాను. పదిమందిలో తొమ్మిదిమంది దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా ఆపకుండా నములుతారు. అలా చేస్తే నికోటిన్ ఉమ్ముతో కలిసి కడుపులోకి పోతుంది, ఎక్కిళ్లూ వికారమూ వస్తాయి, తపన తగ్గదు. చేయాల్సింది ఇది: నాలుక మీద కారంగా, చురుక్కుమనేదాకా మెల్లగా నమిలి, ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య దాచాలి. ఆ చురుకు తగ్గాక మళ్లీ నాలుగైదుసార్లు నమిలి, మరో వైపు దాచాలి. అలా అరగంట. వేసుకోవడానికి పావుగంట ముందు నుంచి, నోట్లో ఉన్నంతసేపూ కాఫీ, కోలా, పండ్ల రసం తాగకూడదు. నోట్లో ఆమ్లం ఉంటే నికోటిన్ లోపలికి చేరదు. ప్యాచ్ వల్ల రాత్రి వింత కలలు వచ్చి నిద్ర చెడితే పడుకునే ముందు తీసేయవచ్చు. ఆటగాడిగా మీకు ఒక ప్రత్యేక జాగ్రత్త: కఠిన శ్రమలో చర్మానికి రక్తప్రసరణ పెరిగి ప్యాచ్ నుంచి నికోటిన్ ఎక్కువగా చేరుతుంది. ఆట మధ్యలో గుండె దడ, తలతిరుగుడు, వికారం అనిపిస్తే తీసేయండి. చెమటకు ఊడిపోకుండా, పొడిగా ఉన్న భుజం పైభాగం మీద, రోజుకో చోట అతికించండి.

వీటితో కుదరనివారికి వరెనిక్లిన్, బుప్రోపియాన్ వంటి మాత్రలున్నాయి. అవి వైద్యుడు రాసిస్తేనే వాడాలి. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్నవారికి బుప్రోపియాన్ పనికిరాదు. గతంలో డిప్రెషన్‌కు చికిత్స తీసుకుని ఉంటే మానే తేదీకి ముందే వైద్యుడికి చెప్పండి. శ్రమ చేసేటప్పుడు ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, స్పృహ తప్పడం ఎప్పుడైనా జరిగి ఉంటే ముందు పరీక్ష చేయించుకుని, ఆ తర్వాతే మైదానంలోకి దిగండి.

ఎవరూ చెప్పని ఒక సంగతి కాఫీ. పొగలోని కొన్ని పదార్థాలు కాలేయంలో కెఫీన్‌ను విరగగొట్టే ఎంజైమ్‌ను పెంచుతాయి. పొగ మానగానే ఆ ఎంజైమ్ మామూలు స్థాయికి దిగుతుంది. మునుపటిలా అన్నే కప్పులు తాగుతుంటే రక్తంలో కెఫీన్ దాదాపు రెట్టింపు అవుతుంది. అప్పుడు వచ్చే వణుకు, ఆందోళన, నిద్రలేమి అన్నీ సిగరెట్ మానినందుకే అనుకుని మళ్లీ వెలిగిస్తారు. మానే రోజు నుంచే కాఫీనీ టీనీ సగానికి తగ్గించండి.

చదువు గురించి, ఒత్తిడి గురించి: సిగరెట్ లేకపోతే చదవలేనని మీరు రాశారు. సిగరెట్ తాగగానే తేలికపడే ఒత్తిడిలో పెద్ద భాగం అంతకు ముందటి సిగరెట్ ప్రభావం దిగిపోవడం వల్ల వచ్చిందే. 2014లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, మానినవారిలో ఆందోళన, దిగులు, ఒత్తిడి తగ్గినట్లు తేలింది. మొదటి రెండు వారాలు మాత్రం చదువు నెమ్మదిగా సాగుతుంది, అది నిజం. ఆ రోజుల్లో గంటకు బదులు నలభై నిమిషాలు చదివి, పది నిమిషాలు మెట్లు ఎక్కి దిగండి. మునుపు సిగరెట్ కోసం లేచే సమయానికే లేవండి, కానీ మరో తలుపు గుండా వెళ్లండి.

బరువు విషయంలో భయం ఎక్కువ, వివరణ తక్కువ. మానిన మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోలు పెరుగుతారు. కొందరు అసలు పెరగరు. కదలిక కొనసాగించేవారు ఆ పెరుగుదలను కొంత అదుపులో పెట్టుకోగలరు. వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల కఠిన శ్రమ అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు చెప్పిన లెక్క. మీ నాలుగు సాయంత్రాలు దానికి ఇప్పటికే సరిపోతాయి.

సిగరెట్ బదులు వేప్ (ఈ-సిగరెట్) పట్టుకోవచ్చా అని అడిగే విద్యార్థులకు నేను వద్దనే చెబుతాను. అందులో కార్బన్ మోనాక్సైడ్ సమస్య దాదాపు ఉండదు, ఆ తేడాను దాచను. కానీ సిగరెట్‌కు ఒక ముగింపు ఉంటుంది, ఆరిపోతుంది. వేప్‌కు అది లేదు. గదిలో, దుప్పటి కింద, పుస్తకం పక్కన రోజంతా దమ్ము లాగుతూ, మునుపటికంటే ఎక్కువ నికోటిన్‌కు అలవాటుపడి నా దగ్గరికి వచ్చినవారిని చూశాను. హుక్కా అయితే వేరే మాటే అక్కర్లేదు. బొగ్గుతో కాలే దానిలో కార్బన్ మోనాక్సైడ్ ఇంకా ఎక్కువ.

జారిపోవడం గురించి ముందే మాట్లాడుకుందాం. విద్యార్థులు మళ్లీ మొదలుపెట్టేది ఎక్కువగా పరీక్ష ఒత్తిడిలో కాదు, మద్యం ఉన్న రాత్రుల్లో. మొదటి నెల ఆ రాత్రులకు దూరంగా ఉండండి. అయినా ఒకటి తాగేస్తే, "ఎలాగూ చెడింది" అని పెట్టె కొనవద్దు. ప్యాచ్ అలాగే ఉంచి, మరునాడు నాకో, మీ వైద్యుడికో చెప్పండి. "ఒక్క దమ్మే" అన్నది మాత్రం నియమంగా పెట్టుకోకండి. ఒక్క దమ్ము కూడా వద్దు అన్న నియమంతో మొదలుపెట్టినవారే నా క్లినిక్‌లో ఎక్కువగా నిలిచారు.

చివరిగా టోర్నమెంట్. మానితే ఆట చెడుతుందని మీ భయం. తేదీలు పెట్టి చూడండి. మూడు వారాలంటే 21 రోజులు. ఈ ఆదివారం మానేస్తే, సోమ, మంగళవారాలకు కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో నుంచి దాదాపు పూర్తిగా పోతుంది; మంగళ, బుధవారాలు అతి కష్టమైన రోజులు; గురువారం మీ పాత నాలుగో రోజు. ఆ మూడు రోజులూ ప్రాక్టీస్‌కు తప్పకుండా వెళ్లండి. చిరాకుగా ఉంటారని కెప్టెన్‌కు ముందే చెప్పండి, సగం ఆటే ఆడినా సరే, బెంచీ మీద కూర్చున్నా సరే. రెండో వారంలో దగ్గు, కఫం కొంత పెరగవచ్చు. శ్వాసనాళాలు శుభ్రపడుతున్నప్పుడు అలా జరుగుతుంది, కంగారు పడవద్దు. మూడో వారానికి నిద్ర, ఏకాగ్రత కుదుటపడుతూ వస్తాయి. వాయిదా వేస్తే మాత్రం టోర్నమెంట్ జరిగినన్నాళ్లూ విరామంలో బయటికి పరుగెత్తి, మళ్లీ రక్తంలో ఆ వాయువును నింపుకుని దిగుతారు.

ప్యాచ్, గమ్ వాడుతూ పోటీలో దిగితే నిబంధనలకు విరుద్ధమా అని మరో ఆటగాడు ఇంతకుముందు నన్ను అడిగాడు. నికోటిన్ 2012 నుంచి ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ పరిశీలన జాబితాలో ఉంది, నిషేధిత జాబితాలో లేదు. టోర్నమెంట్ రోజు ఉదయం ప్యాచ్‌ను భుజం మీద మామూలుగానే అతికించుకోండి, గమ్‌ను జట్టు సంచిలో ఉంచుకోండి, విరామ సమయంలో తపన లేస్తే మైదానం చుట్టూ ఒక చుట్టు నడిచి రండి.